నడుము దగ్గర రెండు వేళ్ళు

"రెండోది కూడా పోగొట్టుకొచ్చినావా?"

రాళ్ళ కొట్టు యజమాని మంగమ్మ అరుపుకి సౌకార్‌పేట వీధిలో పక్క కొట్లవాళ్ళు తలలు తిప్పారు. కొట్లో పనిచేసే వాసంతి తన నడుము సంచి తడుముకుంది. జిప్పు తెరిచి ఉంది. సీలు వేసిన కెంపుల పొట్లం లేదు.

"గుంపులో ఎవరో లాగేసినారమ్మా. తాకినట్టు తెలిసింది. చెయ్యి వేసేలోపల..."

"వేసేలోపల ఏం, టీ తాగినావా?" పరుపు మీద కూర్చున్న మంగమ్మ మోకాళ్ళకి నొప్పుల తైలం పట్టిస్తూనే కసిరింది. "మా మామగారి కాలం నించి ఈడ ఒక్క రాయి పోయిన మాట లేదు. ఈ పరుపు దిగాలంటే నన్ను ఇద్దరు పట్టుకోవాల, లేకుంటే పక్క వీధిలో నగలు చేసే పట్టరకి నేనే ఇచ్చి వద్దును. ఇంకొక్కసారి పోయిందో, పోలీసుల కాడ చెప్పుకో. దొంగెవరో వాళ్ళే తేలుస్తారు!"

ఆ చివరి మాట వాసంతికి ఎక్కడో గుచ్చుకుంది.

రాయపురంలో ఇంటికి వచ్చాక మొగుడి దగ్గర బావురుమంది. ఆనంద్‌రాజ్ హార్బర్‌లో మూటలు దించుతాడు. ఒకప్పుడు పేట కబడ్డీ జట్టులో అతని పట్టు తప్పించుకున్నవాడు లేడు.

"ఏడవబాక మే. కళ్ళు మూసుకో. నడుం కాడ రెండు వేళ్ళు తగిలినట్టు అనుకో."

"నువ్వే తాకి చూపించరాదా మామా?"

"నేను తాకితే నీకు నవ్వొస్తాది. మా కోచ్ ఇట్లానే నేర్పినాడు. చీలమండకి ఎదుటోడి బొటనవేలు తగిలినట్టు కూర్చొని అనుకోవాల. అనుకొని అనుకొని, నిజంగా తగిలే పాటికి మన చెయ్యి పోయుంటాది. చెప్పు, ఆ వేళ్ళు ఎట్లున్నాయి?"

వాసంతి కళ్ళు మూసుకుంది. "చల్లగా... కాస్త జిడ్డుగా."

"అదీ! దాన్నే పట్టుకో."

ఆనాటి నుంచి ఆమెకు అదే పని. చారు మరుగుతుంటే ఆ వేళ్ళు తలచుకునేది, చెయ్యి విసిరేది. బట్టలు ఆరేస్తూ తలచుకునేది. మొదట్లో చెయ్యి నిదానంగా కదిలేది. రాను రాను, తాకిడి మనసులో మెదిలీ మెదలకముందే పిడికిలి బిగుసుకుపోయేది. ఓ రోజు బస్సులో పక్కకి జరగమని తట్టిన కండక్టరు గిలగిలలాడాడు.

"అమ్మా తాయే! టిక్కెట్టు వద్దు, చెయ్యి వదులు!"

పండగ బేరాలు మొదలైన రోజు మంగమ్మ మరో పొట్లం చేతికిచ్చింది. "ఇదే ఆఖరు" అంది.

వీధి కిక్కిరిసి ఉంది. ఆటో హారన్లు, బట్టల మూటలు, ముఖం మీదికి కొంగు లాక్కున్న ఆడవాళ్ళు. గాజుల కొట్టు దాటుతుండగా తగిలింది.

చల్లగా. జిడ్డుగా.

ఆలోచన పుట్టేలోపే వాసంతి పిడికిలిలో ఒక మణికట్టు చిక్కింది. సంచి జిప్పు సగమే తెరుచుకుంది. పొట్లం లోపలే ఉంది!

"దొరికింది! దొంగ దొరికింది!"

ముసుగు వేసుకున్న ఆ ఆడమనిషి పెనుగులాడలేదు. జనం మూగారు. ఎవరో ఈల వేశారు. పాత్రల కొట్టు ముసలాయన మాత్రం ఎందుకో నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పద! మా అమ్మగారి ముందర చెప్పు, దొంగెవరో!"

వాసంతి ఊరేగింపు నడిపిస్తున్నట్టు తలెత్తుకుని నడిచింది. ఇన్ని రోజులుగా గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది. కొట్టు ముందుకు వచ్చి, "అమ్మా! పట్టుకొచ్చినా, చూడు!" అని కేక పెట్టింది.

పరుపు మీద ఎవరూ లేరు.

ఆమె విస్తుపోయి చూస్తుండగా, దొంగ చెయ్యి విడిపించుకుని, మెట్లు చకచకా ఎక్కి, పరుపు మీద బాసింపట్టు వేసుకుని, తైలం సీసా దగ్గరికి లాక్కుంది.

"రేపట్నించి నిజం రాళ్ళు ఇస్తా," అంది ముసుగు తీస్తూ.