మూడుసార్లు తట్టింది

యూనివర్సిటీ క్లాసులో షారోన్ బోర్డు మీద వైరస్ గీసింది. దాని ప్రొటీన్ ముల్లు కణాన్ని పట్టుకుంది, మడతపడి దగ్గరికి లాక్కుంది. వైరస్ పొరా, కణం పొరా ఒకటైపోయాయి.

"మేడమ్, కణం ఎందుకు రానిస్తది?" ముందు బెంచీలోని అమల అడిగింది.

"తెలిసినోళ్లే వచ్చిన్రనుకుంటది," అంది షారోన్.

ఎవరొచ్చినా తలుపు తీయొద్దని ఆ కరోనా ఏడాది నాన్నకు రోజూ ఫోన్లో చెప్పింది తనే. తను చదువుకుంటున్న చోట హాస్టల్ మూసేశాక, గొంతులో గరగర దుమ్ము వల్లే అనుకుని, తార్నాక ఇంటికెళ్లి చిన్నప్పటిలాగే మూడుసార్లు తట్టింది.

"నువ్వేనా బిడ్డా!" నాన్న గొళ్లెం తీసి గట్టిగా హత్తుకున్నాడు.

పదిహేనో రోజుకు ఆయన లేడు.

ఇప్పుడు ఆ ఇంట్లో షారోన్ ఒక్కతే ఉంటుంది. రోజూ తాళం తీసి లోపలికెళ్తుంది. తలుపు మాత్రం ఎప్పుడూ తట్టదు. తడితే నాన్న మళ్లీ గొళ్లెం తీస్తాడని భయం.