సముద్రానికి రెండు టిక్కెట్లు

"దీనికి బస్సు కూడానా?" అన్నాడు సింగరయ్య, భుజం మీది తువ్వాలు తీసి తలకి చుట్టుకుంటూ.

"బస్సు దిగితేనే వచ్చినట్టుంటది మావా. నువ్వూరుకో," అంది పేరంటాలు.

ఆదివారం మధ్యాహ్నం. బాపట్ల బస్టాండు తిరనాళ్ళలా ఉంది. అందరిదీ సూర్యలంక దారే. పేరంటాలు కొత్త పూల చీర కట్టి, కనకాంబరాలు పెట్టుకుని, పులిహోర నింపిన స్టీలు క్యారేజీని చంటిపిల్లలా ఒళ్ళో పట్టుకుంది. మొగుడికి టెర్లిన్ చొక్కా తొడిగించడానికి పొద్దున ఆమె పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

"మనోళ్ళెవరన్నా చూస్తే?" గొంతు తగ్గించి అడిగాడతను.

"చూస్తే ఏంటంట? మొగుడూ పెళ్ళాలమేగా. లేచిపోయి వచ్చామా?"

"నవ్వుతారే!"

"నవ్వుకోనీ. నోళ్ళు వాళ్ళవి."

నగలడిగిందా, నాణ్యాలడిగిందా? పెళ్ళయిన దగ్గర్నుంచీ పేరంటాలుది ఒకటే కోరిక. మొగుడి పక్కన ఇసుకలో కూర్చుని, ఏ తొందరా లేకుండా, చీకటిపడేదాకా సముద్రాన్ని చూడాలి. అలా చూసే ఆలుమగల్ని ఎంతమందిని చూసిందో! చూసిన ప్రతిసారీ గుండె కలుక్కుమనేది. అడిగితే సింగరయ్య కొట్టిపారేసేవాడు. "నీళ్ళే గదే, చూట్టానికేముంది?" అనేవాడు.

పోయిన నెల పనికెళ్ళినవాడు గాలివానలో చిక్కుకుని రెండు రాత్రులు ఇంటికి రాలేదు. పేరంటాలు మెతుకు ముట్టలేదు. మూడోనాడు గుమ్మంలో అతన్ని చూసి కూడా ఆమె ఏడవలేదు, మాట్లాడలేదు. ఆ మౌనానికి సింగరయ్యే హడలిపోయాడు.

"ఏం కావాలో అడగవే. కాదంటే ఒట్టు," అన్నాడు.

"నీతో సముద్రానికెళ్ళాలి," అంది.

అతను నవ్వాడు. పొలమారేదాకా నవ్వాడు. తీరా ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు.

బస్సు వచ్చింది. కండక్టరు దగ్గర పేరంటాలే నోరు తెరిచింది. "సముద్రానికి రెండు టిక్కెట్లు!" ఆ గొంతుకి బస్సంతా వెనక్కి తిరిగింది. సింగరయ్య తువ్వాలు కళ్ళదాకా లాక్కున్నాడు.

పక్క సీట్లో తెనాలి వాళ్ళు కూర్చున్నారు. రాజారత్నం మాస్టారు, ఆయన భార్య జ్ఞానమ్మ, ఇద్దరాడపిల్లలు. చర్చి అయ్యీ అవగానే రైలెక్కారట. జ్ఞానమ్మ మనసు మంచిదే కానీ నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు.

"మీరూ సముద్రానికేనా చెల్లెమ్మా?"

"అవునండి."

"మొదటిసారా?"

"ఇద్దరం కలిసి ఇదే మొదలండి."

"ఏ ఊరు మీది?"

"దగ్గరేనండి," అనేసి పేరంటాలు పిల్లలకి కిటికీలోంచి సరుగుడు తోటలు చూపించసాగింది.

ఒడ్డున జ్ఞానమ్మ దుప్పటి పరిచి అందర్నీ కూర్చోబెట్టింది. ఫ్లాస్కులోంచి చల్లటి రస్నా గ్లాసుల్లో పోసింది. చేపల వేపుడు తీసి సింగరయ్య ముందు పెట్టింది.

"వద్దండి. నాకు పులిహోర చాలు," అని అతను క్యారేజీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

ఇంతలో ఎక్కడినుంచో ఒక ఎర్ర కుక్క పరుగెత్తుకొచ్చింది. పిల్లలు చేప ముక్క వేస్తే కన్నెత్తి చూడలేదు. తిన్నగా వచ్చి సింగరయ్య కాళ్ళ దగ్గర చతికిలబడి తోకాడించింది.

"ఛీ, పో అవతలికి!" అన్నాడతను పళ్ళ బిగువున. అది ఇంకా దగ్గరికి జరిగింది.

"ఇదేంటి, నిన్నే పట్టుకుంది తమ్ముడూ?" అని జ్ఞానమ్మ పగలబడి నవ్వింది.

సింగరయ్యకి ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. "మబ్బు పడతన్నట్టుంది, లేద్దామా?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు. పేరంటాలు వినిపించుకోలేదు. ఆమె కళ్ళు అలల మీదే ఉన్నాయి. ఇప్పుడు లేస్తే మళ్ళీ ఈ జన్మకి కూర్చోడని ఆమెకి తెలుసు.

"నీళ్ళలోకి దిగుదాం రా చెల్లెమ్మా," అంది జ్ఞానమ్మ, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని.

"నాకు సముద్రమంటే భయమండి."

"చోద్యం కాకపోతే, మరి ఇంత ముచ్చటపడి వచ్చావేంటి?"

"ఇయ్యాళ లేదండి భయం."

"ఏం?"

"ఈయన నా పక్కనే ఉన్నాడుగా."

"విన్నారా, మీరూ ఉన్నారు!" అని జ్ఞానమ్మ మాస్టారి భుజం పొడిచింది. పిల్లలు కిలకిల నవ్వారు. సింగరయ్య మాత్రం నవ్వలేదు. చాలాసేపు పెళ్ళాం ముఖంలోకి చూశాడు. తర్వాత తల మీది తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక లేద్దామన్న మాటే ఎత్తలేదు.

పొద్దువాలింది. ఆఖరి బస్సు హారన్ కొట్టింది. జనమంతా చెప్పులు దులుపుకుంటూ పరుగులు తీశారు. జ్ఞానమ్మ బస్సెక్కి, పక్క సీట్లో సంచీ పెట్టి కిటికీలోంచి కేకేసింది.

"సీటు పట్టాను, తొందరగా రండి!"

"మీరెళ్ళండక్కా. మేం ఇంకాసేపు కూర్చుంటాం."

"ఇదే ఆఖరి బస్సు తల్లీ! చీకటిపడితే ఎట్లా పోతారు?"

"నడిచిపోతాం."

"పిచ్చిపిల్లా! ఇక మిమ్మల్ని ఆ ప్రభువే చూసుకోవాలి!" జ్ఞానమ్మ గొంతులో నిజంగానే దిగులు పలికింది. బస్సు కదిలింది.

ఒడ్డంతా ఖాళీ అయింది. సింగరయ్య పేరంటాలు చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలలు తప్ప చప్పుడు లేదు. ఇన్నేళ్ళ ఆశ తీరుతుంటే ఆమెకి సంతోషంతో పాటు ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

బాగా చీకటిపడ్డాక, "పొద్దున్నే పనికెళ్ళాలే," అన్నాడతను మెల్లిగా.

"తెలుసులే," అని ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. బస్సు టిక్కెట్లు రెండూ కొంగున ముడేసుకుంది. కుక్క ముందు పరుగెత్తింది.

ఇసుక దిబ్బ దిగి, ఆరేసిన వల పక్కకి తప్పించి, పేరంటాలు తమ గుడిసె తడిక తీసింది.