వచ్చే నెల దిగుతాం

పై వాటాలో ఎవరో దగ్గారు.

కింద కూర తరుగుతున్న ఓనరమ్మ గుండె ఝల్లుమంది.

పైన అద్దెకున్న ముసలాయన అక్కడే కన్నుమూసి ఏడాదయింది. అప్పటినుంచి వాటా ఖాళీ. ఊరి నోటికి మూకుడు పెట్టలేం కదా! అడిగిన వాళ్ళంతా ఆ సంగతి వినగానే వెనక్కి తిరిగిపోయారు.

ధైర్యం చిక్కబట్టుకుని మెట్లెక్కింది.

బక్కపలచటి మనిషొకడు గోడకానుకుని ఆయాసపడుతున్నాడు.

"టు లెట్ బోర్డు చూసి వచ్చానమ్మగారూ. కింద పిలిస్తే ఎవరూ పలకలేదు."

ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. గబగబా తాళం తీసింది.

"ఎవరెవరుంటారు బాబూ?"

"మా ఆవిడ, పాప."

"చిన్న సంసారమే. రేపే దిగిపోండి."

"ఇప్పుడున్న ఇంటికి నెలాఖరుదాకా అద్దె కట్టేశానండి, వచ్చే నెల దిగుతాం. అందాకా ఎవరికీ ఇవ్వకండి."

నెల రోజులా! అనుకుందావిడ. ఈలోగా వీధిలో ఎవరో ఒకరు ఊదెయ్యరూ? ఆ చెప్పేదేదో తనే చెబితే పోలా!

"దాచడమెందుకు బాబూ? ఇక్కడొకాయన జబ్బుతో పోయాడు. అప్పట్నుంచి ఒంటరిగా కింద పడుకోవాలంటే హడలి చస్తున్నాను. మీకు భయం లేదుగా?"

"లేదండి."

"ఇంట్లో జబ్బు మనుషులెవరూ లేరుగా? ఇంకో చావంటే నావల్ల కాదు నాయనా!"



"దిగేనాటికి ఎవరూ ఉండరండి," అన్నాడు.

గది గుమ్మం బయటనుంచే చూశాడు. కిటికీలోంచి గాలి వస్తుందా, పక్కింటివాళ్ళు మంచివాళ్ళేనా అని మాత్రం రెండేసిసార్లు అడిగి వెళ్ళిపోయాడు.

ఆ నెలంతా ఓనరమ్మకి కంటిమీద కునుకు లేదు. పైన కిటికీ రెక్క కొట్టుకున్నా ముసుగు బిగించేది. 'ఇవాళ దిగితే వాడి సొమ్మేం పోయింది?' అని అతన్ని తిట్టుకునేది.

మాట తప్పలేదు. నెల మారగానే సామాన్ల ఆటో వచ్చింది. ఒకావిడ, చిన్నపిల్ల దిగారు.

"హమ్మయ్య! ఆయనేరమ్మా?"

ఆమె తలెత్తలేదు.

"పోయారండి."

"అయ్యో! ఎలా జరిగిందమ్మా?" అంది ఓనరమ్మ.

"జబ్బని తెలిసి పాత ఇంటివాళ్ళు నెల నిండకుండానే ఖాళీ చేయించేశారు. ఆఖరి రోజులన్నీ ఆసుపత్రి వరండాలోనే. చూసిన ఇల్లుందిగా, వెళ్దాం పదండని కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. పాపం ఆ పెద్దావిడ ఒంటరిది, ఇంకో చావు చూపించకూడదు, నేను పోయాకే దిగండి అన్నారు."