వెలగని రక్తం

"నా రక్తం గూడా రోంత సూడు పాపా."

ల్యాబు గుమ్మంలో నిలబడి అడిగాడు ముసలాయన. పొడుగు చేతుల చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియరు. వార్డులో ఎవరికో తోడుగా వచ్చినట్టున్నాడనుకుంది కృపారాణి.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

రక్తంలో యాంటీబయాటిక్ ఎంత ఉందో వెలుగుతో కొలిచే పరిశోధన ఆమెది. మిషన్ కాంతి పడితే మందు మెరుస్తుంది. ఎంత మందుంటే అంత మెరుపు. పోల్చి చూసుకోవడానికి మందు బొత్తిగా లేని రక్తం ఒకటి కావాలి.

తిరుపతిలో అదే దొరకలేదు. తుమ్మితే చాలు, మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగేవాళ్లే అందరూ. అక్కడే ఆమె థీసిస్ ఆగిపోయింది.

"ఏ ఊరు తాతా?"

"కార్వేటినగరం పక్కన. శాంతయ్య అంటారు."

"మాత్రలేమన్నా మింగతా ఉండావా?"

"ఒక్కటి గూడా ల్యా. ప్రభువు సాచ్చిగా."

"ఈ మాత్రానికి ఆయన్నెందుకు పిలుస్తావులే తాతా."

నవ్వుతూ ఎడమచేతి నుంచి రక్తం తీసింది. ఆయన కదల్లేదు.

"తేలిందాకా ఈడే కూసుంటా."

మిషన్లో పెట్టి చూసింది. మెరుపు లేదు. సున్నా.

"తాతా, నీ రక్తం బంగారం! ఒక్క చుక్క మందు లేదు."

"అంటే బాగుండాదా?"

"శానా బాగుండాది."

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "సల్లగుండు పాపా. నాకింక బయం ల్యా."

ఏం భయమో ఆమె అడగలేదు. అప్పటికే ఫోన్లో గైడు గారికి శుభవార్త చెబుతోంది.

వారం తిరిగేసరికి ఇంకొంచెం రక్తం కావలసి వచ్చింది. యాపిల్ పళ్లు కొనుక్కుని మగవాళ్ల వార్డుకు వెళ్లింది. నర్సు రెబెకా ఎవరికో మందు బాటిల్ తగిలిస్తోంది.

"శాంతయ్య తాత యాడ రెబెకా?"

"మొన్న పానం పోయిందక్కా."

కృపారాణి చేతిలో పళ్లు బరువెక్కాయి.

"ఏందో అక్కా, ఈ మందు కొత్త స్టాకు వచ్చినకాణ్నించి ఒక్కరికీ జ్వరం దిగడంల్యా," అంది రెబెకా, బాటిల్ కింద చక్రం తిప్పుతూ.

"పాపం... తాత ఎవరికి తోడుగా వచ్చినాడు?"

"తోడేందక్కా, ఆయనే పేషెంటు! మాత్ర గొంతు దిగదంటే, నువ్వు కొలిచే ఈ మందునే పూటపూటా కుడిచేతికి నేనే ఎక్కించినా. ఆ పొద్దున గూడా బాటిలంతా ఎక్కించుకున్నాకే, రక్తం సూపిచ్చుకోనొస్తానని నీ కాడికొచ్చినాడు."