నీళ్ళ సీను

"బాబూ, ఈ సినిమాలో నీళ్ళల్లో మునిగిపోయే సీనేటైనా ఉందా?"

ఫణీంద్రకి నవ్వొచ్చింది. మళ్ళీ వచ్చాడు నీళ్ళమావ.

అనకాపల్లిలో బెల్లానికి ధర కట్టేది ఫణీంద్ర నాన్న. సినిమాకి ధర కట్టేది ఫణీంద్ర. ప్రతి శుక్రవారం మార్నింగ్ షో చూసి, థియేటర్ గేటు ముందే వీడియో కోసం మైకు పట్టుకుని, అయిదుకి ఎన్ని మార్కులో చెప్పేస్తాడు. అతను పెదవి విరిస్తే మ్యాట్నీకి సగం కుర్చీలు ఖాళీ అని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా అతనే.

నీళ్ళమావ అసలు పేరు అతనికి తెలియదు. రావికమతం వైపు మనిషని మాత్రం తెలుసు. ఏడాదిగా కొత్త సినిమా వచ్చినప్పుడల్లా పాత మోపెడ్ మీద భార్యను ఎక్కించుకొచ్చి, ఆమెను సోడాబండి దగ్గర నీడలో నిలబెట్టి, తానొక్కడే గేటు దాకా వస్తాడు. ఆట విడిచి అంతమంది బయటికొస్తున్నా ఇంకెవర్నీ అడగడు. సరాసరి ఫణీంద్ర దగ్గరికే వచ్చి, ముఖంలోకి ఒకసారి తేరిపార చూసి, అదే ప్రశ్న వేస్తాడు.

"నీళ్ళంటే ఎందుకు మావా అంత భయం?" అని ఒకసారి అడిగాడు ఫణీంద్ర.

"మా ఇంటిదానికి పడదు బాబూ. సినిమా హాల్లోనే అది కాసింత నవ్వుతాది. ఇంటికాడ నోరిప్పదు."

ఎందుకు ఇప్పదో ఫణీంద్ర అడగలేదు. అదే సినిమాలో పాత్ర అయితే, దీని వెనక కథేదని డైరెక్టర్ని కడిగేసేవాడు.

ఈ వారం సినిమా అతనికి అస్సలు ఎక్కలేదు. మావ రాకముందే మైకులో దులిపేశాడు.

"క్లైమాక్స్ చూశారా? ఎవడో ముక్కూమొహం తెలియని పిల్లాడు కెరటాల్లో కొట్టుకుపోతుంటే ఇంకొకడు దూకేసి, వాణ్ణి ఒడ్డుకి తోసేసి, తను పోతాడట! ఎవడైనా దూకుతాడేటండీ? ఇంటర్లో నేనూ పూడిమడక బీచ్‌లో కొట్టుకుపోయాను. ఎవడొచ్చేడు? కెరటమే ఒడ్డుకి విసిరేసింది. లాజిక్ లేదు. అయిదుకి ఒకటిన్నర!"

కెమెరా పట్టుకున్న స్నేహితుడు దేవీప్రసాద్ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే మావ వచ్చి ఆ ప్రశ్న వేశాడు.

ఫణీంద్ర దేవీప్రసాద్‌కి కన్ను కొట్టాడు.

"నీటిచుక్క కనబడదు మావా. కడుపుబ్బా నవ్విస్తాడు. అత్తని తీసుకెళ్ళిపో."

"నిజవేనా బాబూ?"

"నేనెప్పుడైనా నీకు తప్పు చెప్పేనా?"

మావ ముఖం విప్పారింది.

"సల్లగుండు నాయనా."

అతను గబగబా వెళ్ళి, భార్య తలలో కనకాంబరాలు సర్ది, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ఆమె వెళ్తూ వెళ్తూ పోస్టరు చూసి చిన్నగా నవ్వింది కూడా.

"నీళ్ళ సీనుకి నీళ్ళమావ రియాక్షన్! అదిరిపోద్ది చూడు," అన్నాడు ఫణీంద్ర. "మ్యాట్నీ అయ్యేదాకా కదలొద్దు."

దేవీప్రసాద్ నసిగాడు. "పాపం పెద్దాళ్ళురా."

"సినిమానే కదరా, చచ్చిపోరులే."

ఆట ఇంకా విడవలేదు. గేటు తోసుకుని ముందు ఆమె బయటికొచ్చింది. కాళ్ళకి చెప్పుల్లేవు, పూలు ఎక్కడో రాలిపోయాయి. ఎదురుగా ఉన్న మెయిన్ రోడ్డే సముద్రమైనట్టు చేతులు చాచి అరుస్తోంది.

"ఒడ్డుకి రా అయ్యప్పా! కెరటం వత్తంది, వచ్చేయరా నాయనా!"

వెనకే ఆమె చెప్పులు చేతబట్టుకుని మావ పరుగెత్తుకొచ్చాడు. దేవీప్రసాద్ కెమెరా దించబోయాడు. ఫణీంద్ర దించనివ్వలేదు.

మావ ఆమెను మోపెడ్ మీద కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో తన నడుముకి కట్టుకున్నాడు. ఫణీంద్ర ముందు ఒక్క నిమిషం బండి ఆపాడు. తిడతాడనుకున్నాడు ఫణీంద్ర. తిడితే వీడియోకి మరీ బాగుండేది.

మావ తిట్టలేదు. ఎప్పటిలాగే ముఖంలోకి చూశాడు. ఈసారి ఎంతోసేపు చూడలేకపోయాడు.

"ఇప్పుడిప్పుడే మనిషవుతోంది బాబూ అది. నువ్వు కూడా అబద్దం ఆడతావని నాను అనుకోనేదు."

దీపాలు పెట్టే వేళకి వీడియో ఊరంతా తిరిగింది. ఫణీంద్ర ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న తల్లి పద్మకుమారి కళ్ళ ముందు ఫోను పెట్టాడు.

"చూడమ్మా, ఒక్కపూటలో ఎంతమంది చూసేరో!"

ఆమె చూసింది. చేతిలో అట్లకాడ కింద పడింది.

"ఈయన్ని నువ్వెక్కడ కలిసేవురా? నీకేటైనా చెప్పేసేడా?"

"చెప్పడానికేటుంది? వాడొక పిచ్చోడు."

"ఆ నోటితో ఆ మాట అనకు!"

ఆమె పొయ్యి ఆపేసి గోడకి చేరగిలబడిపోయింది.

"సన్యాసిరావు ఆయన పేరు. నీకు తెలిస్తే మనసు చెడిపోద్దని, ఎప్పటికీ చెప్పొద్దని, ఆస్పత్రి వరండాలో ఆయన కాళ్ళట్టుకున్నాను నేను. 'సెప్పను తల్లీ, ఎప్పుడైనా ఒకసారి పిల్లోణ్ణి సూసుకుని ఎల్లిపోతాను' అన్నాడు. అన్నమాట తప్పలేదు మహానుభావుడు."

ఫోనులో ఆ తల్లి ఇంకా అరుస్తూనే ఉంది, ఒడ్డుకి రమ్మని.

"నన్ను చూసుకోవడమేటమ్మా? నేనాయనకి ఏమవుతాను?"

పద్మకుమారి ఫోను తీసి బోర్లించింది.

"ఆ రోజు పూడిమడకలో నిన్ను ఒడ్డుకి తోసింది కెరటం కాదురా ఫణీ, ఆయన కొడుకు."