తెర మీద పేరు

రోగుల చార్టులన్నీ కంప్యూటర్‌లోకి మారి వారమైంది. హెడ్‌నర్సు ఒక్క అక్షరం కూడా ఎక్కించలేదని తెలిసి సూపరింటెండెంట్ ఆమెను తన గదికి పిలిపించాడు.

"ముప్పై ఏళ్ల సర్వీసు. మీరే మొండికేస్తే జూనియర్లకేం చెప్పనమ్మా? అందరం మారాల్సిందే."

"మొండితనం కాదు సార్."

"భయమా? నేను దగ్గరుండి నేర్పిస్తాగా!" అతను తెరను ఆమె వైపు తిప్పాడు. "ఈ మొదటి పేరు చదవండి."

ఆమె ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగింది. కళ్లు చికిలించి చూసింది.

"ప్రతి రోగినీ పేరడిగి పలకరిస్తానని మెచ్చుకున్నారు కదా సార్," అంది తలెత్తకుండానే. "ఏడాదిగా చార్టు మీద పేరు కనబడకే అడుగుతున్నాను."

ఆమెను చూసి అందరూ అలాగే పలకరించాలని ఆస్పత్రి అంతటికీ ఆర్డరు వేసింది అతనే.

"ఇక రేపు ఏ వార్డుకు డ్యూటీకి రమ్మంటారు సార్?"

సూపరింటెండెంట్ తెరను మెల్లగా తన వైపు తిప్పుకున్నాడు.