నిమ్మచెక్క

రోగి ముఖం మీది గుడ్డ పూర్తిగా తీయకముందే కొత్త నర్సు చేతిలోని ట్రే జారి నేల మీద పడింది.

పెద్దావిడ దవడ మీద కొబ్బరికాయంత గడ్డ. అది ముక్కును ఒక పక్కకి, పెదవిని ఇంకో పక్కకి తోసేసింది. గుడ్డ తొలగగానే వాసన గుప్పుమంది. కొత్త నర్సు "అమ్మో" అని రెండడుగులు వెనక్కి వేసి, ముక్కు మూసుకుని, వార్డులో అందరూ చూస్తుండగా తలుపు తోసుకుని బయటికి పరుగెత్తింది. తలుపు అద్దంలోంచి వెనక్కి చూస్తే, పెద్దావిడ తాళ్ళు లాగి కాయలు కాసిన చేతులతో గుడ్డను మళ్ళీ ముఖం మీదికి లాక్కుంటోంది.

ట్రే చప్పుడు విని హెడ్ నర్సు వచ్చింది. ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. ఏమైందని అడిగింది.

"కడుపులో తిప్పిందక్కా. ఓడ ఊగుతోంది కదా, నాకు అలవాటు లేదు."

నోటికి ఏదొస్తే అది అనేసింది. పెద్దక్క గుండ్రటి కిటికీలోంచి ఒకసారి బయటికి చూసింది. ఆ ఆసుపత్రి ఓడ నాలుగు నెలలుగా రేవు గట్టు దగ్గరే ఉంది. తొడంత లావు తాళ్ళతో కట్టేసి ఉంది. పెద్దక్క జేబులోంచి మాత్ర తీసిచ్చి, తగ్గేదాకా లాండ్రీలో పని చెయ్యమంది.

కొత్త నర్సుకి ఓడ కాపురం అలవాటు కావడానికి ఆట్టే రోజులు పట్టలేదు. ఆరుగురికి ఒక గది, ఒకదాని మీద ఒకటి మంచాలు. తెల్లారి లేచినప్పుడల్లా పై మంచానికి తల ఠంగున తగిలేది. స్నానం రెండు నిమిషాల్లో ముగించాలి. మొదట్లో చెవుల్లో సబ్బు నురగతోనే బయటికొచ్చింది. డాక్టర్ల దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా అక్కడ అందరూ సేవకు వచ్చినవాళ్ళే, తిన్న కంచం ఎవరిది వాళ్ళే కడుక్కోవాలి. అన్నీ అలవాటయ్యాయి. అలవాటు కానిది నిమ్మచెక్క ఒక్కటే.

మొదటి రోజు మధ్యాహ్నమే దుబాసీ లాండ్రీకి వచ్చాడు. రోగుల మాట నర్సులకీ, నర్సుల మాట రోగులకీ చెప్పడం అతని పని. అతని చేతిలో ఒక నిమ్మచెక్క ఉంది.

"మీకు ఓడ పడలేదని పెద్దావిడకి చెప్పాను సిస్టర్. భోజనంలో వచ్చింది దాచి, ఇది మీకిమ్మంది. ముక్కు దగ్గర పెట్టుకోవాలట."

కొత్త నర్సుకి తల కొట్టేసినట్టయింది. తను ముక్కు మూసుకుని పారిపోతే, ఆ మనిషి తన కడుపు గురించి బాధపడుతోంది. మర్నాడు ఇంకో చెక్క వచ్చింది, ఆ మర్నాడు ఇంకోటి. పారేయడానికి చేతులు రాలేదు, వాసన చూడటానికి మనసొప్పలేదు. వాటిని దిండు పక్కన వరసగా పెట్టుకుంటే, దుకాణం ఎప్పుడు తెరుస్తావని గదిలోవాళ్ళు ఆటపట్టించారు.

నాలుగో రోజు పెద్దావిడకి ఆపరేషన్ జరిగింది. బాగా జరిగిందని దుబాసీ చెప్పాడు. ఆ రోజు నుంచి నిమ్మచెక్క రాలేదు. 'నా అబద్ధం తెలిసిపోయింది, అందుకే మానేసింది' అనుకుంది కొత్త నర్సు. ఆ మంచం దుప్పట్లు తనే ఉతికేది, దిండు గలీబులు తనే ఇస్త్రీ చేసేది. తీరా వార్డు తలుపు దాకా మోసుకెళ్ళి, అక్కడ బల్ల మీద పెట్టేసి వచ్చేసేది. తిప్పడం తగ్గిందా అని పెద్దక్క రోజూ అడిగేది. ఇంకా లేదక్కా అని రోజూ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేసేది.

పన్నెండో రోజు దుబాసీ వచ్చి, పెద్దావిడ ఇంటికి వెళ్ళిపోతోందని, ఒక్కసారి రమ్మంటోందని చెప్పాడు. కొత్త నర్సు ఉతికిన దుప్పట్లనే మళ్ళీ మడతపెడుతూ నిలబడింది.

"వెళ్ళు," అంది వెనకే వచ్చిన పెద్దక్క. "ఇవాళ వెళ్ళలేకపోతే ఇంకెప్పటికీ ఆ వార్డులో అడుగుపెట్టలేవు."

వెళ్ళింది. పెద్దావిడ మంచం మీద కూర్చుని ఉంది. ముఖం మీద గుడ్డ లేదు. గడ్డ ఉన్నచోట చెవి నుంచి గడ్డం దాకా సన్నటి కుట్ల గీత ఉంది. కొత్త నర్సు తలెత్తి ఆ కళ్ళలోకి చూడలేకపోయింది.

"నాకు కడుపులో తిప్పలేదని చెప్పండి," అంది దుబాసీతో. "ఆవిడ ముఖం చూసి పారిపోయానని చెప్పండి. అబద్ధమాడానని చెప్పండి."

"వెళ్ళిపోయేటప్పుడు ఇప్పుడెందుకు సిస్టర్?"

"చెప్పండి."

అతను చెప్పాడు. పెద్దావిడ చివరిదాకా విని, పక్కన కూర్చోమని మంచం మీద తట్టింది. కొత్త నర్సు కూర్చున్నాక ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, ఇంకా అలవాటు కాని నోటితో నెమ్మదిగా ఏదో చెప్పింది. దుబాసీ నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటోంది?"

"ఆవిడ నలభై ఏళ్ళు పడవల మీదే బతికిందట. కట్టేసిన ఓడలో ఎవరికీ తిప్పదని తెలుసట. నిమ్మచెక్క పంపింది మీ కడుపు కోసం కాదట. మళ్ళీ తన దగ్గరికి వచ్చేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటారని పంపిందట. గడ్డ పోయింది కదా, ఇక అక్కర్లేదని మానేసిందట."

పెద్దావిడ ఇంకో మాట అంది. దుబాసీ అది కూడా చెప్పాడు.

"ఇంట్లో తనకి అన్నం పెట్టడానికి వచ్చేటప్పుడు కన్నకూతురు కూడా నిమ్మచెక్క పట్టుకునే వచ్చేదట."